ఏడో కన్ను

ఇరవై ఆరు. ఇరవై ఏడు.

లెక్కలాయన పెదవులు కదలడం లేదు. ఎడమచేతి రెండు వేళ్లు దవడ కింద మెడకు ఆనించి ఉన్నాయి. కుడిచేతిలోని టార్చి వెలుగు డబ్బా లోపల, అంచుకు వేలెడు కిందున్న గీత మీద నిలిచి ఉంది. ఇరవై ఎనిమిది. ఇరవై తొమ్మిది. నీళ్లు గీతను తాకాయి. ముప్ఫై.

డబ్బాను పక్కకు లాగి, నీళ్లు కాలువలో గుమ్మరించి, మళ్లీ రంధ్రం కింద పెట్టాడు. మళ్లీ ముప్ఫై. మూడోసారి ముప్ఫై ఒకటి వచ్చింది. ఒకటి పెరిగింది కదా అని సంతోషించబోయి, ఎందుకొచ్చిన సంతోషంలే అని ఊరుకున్నాడు. రిజిస్టరు మోకాళ్ల మీద పెట్టుకుని ఏడో గడిలో ముప్ఫై అని పెన్సిలుతో రాశాడు. పెన్నుతో రాస్తే ఆ చెమ్మకు సిరా కాగితమంతా అలుక్కుపోతుంది.

ఆయన ఉన్నది ఆనకట్ట కడుపులో. నూట పన్నెండేళ్ల కిందట కొండల మధ్య ఏటికి అడ్డంగా కట్టిన రాతిగోడ అది. కింద మైదానంలో ఉన్న నగరం తాగే నీళ్లు ఆ గోడ వెనకే నిలుస్తాయి. గోడ అడుగున ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, మనిషి తల వంచుకుని నడిచేంత సొరంగం ఉంది. రాళ్ల సందుల్లోంచి సున్నం కరిగి కారి, తెల్లగా గడ్డకట్టింది. పది అడుగులకొక బల్బు వేలాడుతూ ఉంటుంది, రెండింటిలో ఒకటి వెలుగుతుంది. ఎండాకాలమైనా వానాకాలమైనా లోపల ఒకటే చలి.

గోడలకు చెవులుంటాయంటారు. ఈ గోడకు ఉన్నవి కళ్లు. ఎంత గట్టి రాయైనా వెనక అన్ని నీళ్లు నిలబడ్డాక కొంత చెమర్చక తప్పదు. ఆ నీటికి దారి ఇవ్వడానికి కట్టినవాళ్లు గోడ అడుగున పదకొండు రంధ్రాలు వదిలారు. పనివాళ్లు వాటిని కళ్లంటారు. రోజూ ఒకే తీరున కారితే గోడ బాగున్నట్టు. ఎక్కువ కారితే లోపలెక్కడో రాయి కదిలినట్టు. ముప్ఫై ఒక్కేళ్లుగా లెక్కలాయన ఉద్యోగం అదే. పొద్దున్నే దిగాలి, ఒక్కో కంటి కింద డబ్బా పెట్టాలి, గీత దాకా నిండడానికి ఎంతసేపు పట్టిందో రాయాలి. ఆయన అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఇంకెక్కడా వినబడదు.

పని నేర్పింది మామ. అంటే ఆయన భార్య తండ్రి, ఆయనకన్నా ముందు ఇదే పని చేసినవాడు. కూతుర్నీ డబ్బానీ ఒకే నెలలో అప్పగించాడు. కూతురి గురించి ఒక్క మాట చెప్పి, డబ్బా గురించి గంటసేపు చెప్పాడు. అది రెండు లీటర్ల రంగు డబ్బా. తీగ పిడి, ఒకచోట సొట్ట, లోపల మేకుతో గీసిన గీత. "గడియారాన్ని నమ్మకు. తడిస్తే ఆగిపోతుంది. నాడి తడవదు" అన్నాడు మామ. మెట్లు దిగాక కాసేపు కూర్చోవాలి, గుండె సర్దుకోవాలి, అప్పుడు మెడ మీద వేళ్లు పెట్టుకుని లెక్కపెట్టాలి. జ్వరం వచ్చినరోజు లెక్కపెట్టకూడదు, నాడి ఉరుకుతుంది. మామ పద్ధతి అంతే.

ఆఫీసు వాళ్లు రెండుసార్లు స్టాప్‌వాచీలు పంపకపోలేదు. మొదటిది నెల తిరక్కుండానే సొరంగంలో ఆవిరి పట్టి ఆగింది. రెండోదాన్ని ఆయన భార్య కోడిగుడ్లు ఉడకబెట్టడానికి తీసుకుంది, అది అక్కడా ఆగింది. తరవాత ఎవరూ పంపలేదు. రిజిస్టరులో గడి పైన 'లెక్క' అని మాత్రమే ఉంటుంది. దేని లెక్కో ఆఫీసు వాళ్లు అడగలేదు, ఆయన చెప్పలేదు.

ముప్ఫై ఏళ్లు ఏడో కన్ను యాభై నాలుగు చెప్పింది. ఒకటి అటో ఇటో, అంతే. కిందటి వానలు వెలిశాక యాభైకి దిగింది. తరవాత నలభై అయిదు. తరవాత నలభై, ముప్ఫై ఆరు. ఏడో కన్నే కాదు, పదకొండూ అలాగే దిగుతూ వచ్చాయి. డబ్బా నానాటికీ తొందరగా నిండుతోంది. మొదట ఆయన తన లెక్కనే అనుమానించి ఒక్కోదాన్ని ఆరేడుసార్లు చూశాడు. చివరకు ఉన్నదున్నట్టు రాసి పంపాడు. ఆఫీసు నుంచి ధ్రువీకరించమని కాగితం వచ్చింది. మళ్లీ చూసి ధ్రువీకరించాడు. అలా కాగితాన్ని కాగితంతో సరిచూసుకుని పైవాళ్లు భయపడ్డారు. జలాశయంలో నీటిమట్టం రెండు గజాలు దించారు. గోడ మీదికి సందర్శకులను రానివ్వడం మానేశారు. నగరంలో కుళాయిలు రోజు విడిచి రోజు వస్తున్నాయి. రెండు నెలలైంది.

రాసింది ఆయనే. ఆ రాసిన అంకెకు అర్థమేమిటో అందరికన్నా ముందు తెలిసింది కూడా ఆయనకే. ఆయన క్వార్టరు గోడకు ఇవతల, కొండ వాలులో ఉంది. జలాశయం నిండుగా ఉన్నప్పుడు నీళ్లు వాళ్ల ఇంటి కప్పుకన్నా ఎత్తులో ఉంటాయి. మొదట్లో ఆయనకు భయం వేసేది, కిటికీలోంచి గోడను చూస్తూ పడుకునేవాడు. తరవాత ఆ భయం కూడా మొద్దుబారింది. మూడుసార్లు మాత్రం భార్యతో, "నాలుగు రోజులు మీ చెల్లెలింటికి వెళ్లి రాకూడదూ?" అన్నాడు. ఎందుకో చెప్పలేదు. ఆమె వెళ్లలేదు.

పదకొండో కన్ను అయ్యాక డబ్బా, రిజిస్టరు, టార్చి పట్టుకుని బయటికి వచ్చి ఇనప తలుపు మూశాడు. ఆ చప్పుడు కొండకు తగిలి తిరిగి వచ్చింది. అక్కణ్ణుంచి ఇంటికి నూట పద్ధెనిమిది మెట్లు. నలభయ్యో మెట్టు దగ్గర ఆగాడు. డెబ్బయ్యో మెట్టు దగ్గర కూర్చున్నాడు. కళ్ల ముందు చీకటి కమ్మి, విడిపోయింది. యాభై తొమ్మిదేళ్లు వచ్చాయి మరి, అనుకున్నాడు. వంద దగ్గర మళ్లీ ఆగి, ఎందుకు ఆగాడో మరిచిపోయి, కాసేపు కిందికి చూస్తూ నిలబడ్డాడు.

పెరట్లో పిట్టగోడ మీద డబ్బాను బోర్లించాడు. రోజూ అక్కడే ఆరుతుంది. లోపల కుట్టుమిషను ఆగింది.

"దారిలో ఎవరితో పెట్టుకున్నారు ముచ్చట్లు?" అంది భార్య. ఆమె పనివాళ్ల యూనిఫారాలు కుడుతుంది, మెడలో కొలతల టేపు ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది. "తలుపు చప్పుడు వినగానే టీ పెడతాను. ఇదివరకు మీరు గడప తొక్కేసరికి పొంగేది. ఇప్పుడు దించి, చల్లారి, మళ్లీ వేడి చేస్తే గానీ దొరగారు రారు."

"మెట్లు పెరిగాయేమో."

"పెరుగుతాయి, పెరుగుతాయి. మామిడిపిందెలు కదూ!"

ఆయన రెండోసారి కాచిన టీ తాగాడు. రుచి తెలియలేదు. కప్పు వేడి మాత్రం అరచేతికి తెలిసింది.

"మా చెల్లి ఫోన్ చేసింది" అంది ఆమె సూదిలో దారం ఎక్కిస్తూ. "మిమ్మల్ని అడగమంది. 'నీళ్లన్నీ బావే తాగేస్తున్నాడా, మాకేమన్నా వదుల్తాడా?' అని. వాళ్ల వీధిలో బిందెల దగ్గర జుట్టూ జుట్టూ పట్టుకున్నారట."

"నువ్వు వెళ్లి నాలుగు రోజులుండి రాకూడదూ? దానికి సాయంగా ఉంటుంది."

"నీళ్లు లేని ఇంటికి వెళ్లి నేను చేసే సాయమేంటి? ఇక్కడ మీకు టీ ఎవరు పెడతారు?"

ఇది నాలుగోసారి. మిషను మళ్లీ మొదలైంది.

పదిగంటలకు ఆఫీసు జీపు వచ్చింది. అప్పటికే గేటు బయట ఒక వ్యాను ఆగి ఉంది. రిటైరైన ఉద్యోగులు పదిహేను మంది, టోపీలు, నీళ్ల సీసాలు, మోకాళ్లకు పట్టీలు. గేటుకు 'ప్రవేశం లేదు' అన్న అట్ట వేలాడుతున్నా ఎవరూ కదల్లేదు. వాళ్లలో లావుపాటి పెద్దమనిషి ఒకాయన కమ్మీల్లోంచి అడిగాడు. "అరవై ఏళ్లుగా ఈ నీళ్లే తాగుతున్నామండీ. ఒక్కసారి గోడ మొహం చూడనివ్వరా?"

"లోపల పని జరుగుతోందండీ" అన్నాడు లెక్కలాయన.

"చూసే వెళ్తాం. మాకేం పనులున్నాయి గనక?"

జీపు దిగింది ఒక ఇంజనీరమ్మ. ముప్ఫై ఏళ్లుంటాయేమో. పెద్ద బూట్లు, చంకలో ఫైలు, మెడలో తాడుకు స్టాప్‌వాచ్. డ్రైవరు పాతవాడే, లెక్కలాయనను బాబాయ్ అని పిలుస్తాడు.

"ఏం బాబాయ్, గోడ పడిపోతుందంటగా? జీపు ఎటు ఆపమంటావ్, పడే వైపా, పడని వైపా?"

ఇంట్లో మిషను చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్లీ వినిపించింది.

"నోరు మూసుకుని స్టెప్నీ బాగు చేయించుకురా" అంది ఇంజనీరమ్మ. దారిలో టైరు పంక్చరైందట. మలుపు కింద బజార్లో షాపుంది, గంటలో వస్తానని డ్రైవరు జీపు తిప్పుకుని వెళ్లాడు.

డబ్బా, రిజిస్టరు, టార్చి తీసుకుని ఇద్దరూ మెట్లు దిగారు. దిగడం ఆయనకు కష్టం కాలేదు. సొరంగంలో ఏడో కన్ను దగ్గర రాతి అరుగు మీద కూర్చున్నాడు. ఇంజనీరమ్మ నిలబడే ఉంది.

"మొదలుపెడదామా?"

"కాసేపు కూర్చోవాలమ్మా. మా మామ చెప్పిన పద్ధతి."

ఆమె కూడా పక్కన కూర్చుని ఫైలు తెరిచింది. నీళ్లు కారే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

"పెద్దాయనా, నాకు ఒక్కటి అర్థం కావడం లేదు. గోడ పాడైతే ఒకచోటో రెండుచోట్లో ఎక్కువ కారాలి. మీ రిజిస్టరులో పదకొండూ ఒకే వంతున తగ్గాయి. ఎవరో కూర్చుని పంచిపెట్టినట్టు."

"ఉన్నదే రాశానమ్మా."

"అబద్ధం రాశారనడం లేదు. ఇది చూడండి. పన్నెండేళ్ల కిందట తనిఖీకి వచ్చినవాళ్లు వాచీ పెట్టి చూశారు. ఏడోది నలభై అయిదు సెకన్లని రాసుకున్నారు. అదేరోజు మీ రిజిస్టరులో యాభై నాలుగుంది."

"నాది సెకన్లు కాదు కదమ్మా."

"మరేంటి?"

లెక్కలాయన నీళ్లు నమిలాడు. ముప్ఫై ఒక్కేళ్లలో ఆ మాట అడిగినవాళ్లు లేరు. చదువుకున్న పిల్ల నవ్వుతుందేమో అనిపించింది.

"చూపిస్తాను" అని డబ్బా పెట్టాడు. వేళ్లు మెడ మీదికి వెళ్లాయి. ఆమె వాచీ నొక్కింది. నీళ్లు గీతను తాకాయి.

"ముప్ఫై" అన్నాడు ఆయన.

"నలభై అయిదు" అంది ఆమె.

మళ్లీ చూశారు. ముప్ఫై, నలభై అయిదు. మూడోసారి కూడా అంతే. ఆమె వాచీ చూడడం మానేసి ఆయన మెడ మీది వేళ్లను చూసింది.

"మీరు నాడిని లెక్కపెడుతున్నారు."

"అవునమ్మా. గడియారమైతే తడుస్తుంది."

ఆమె నవ్వలేదు. "మీ చెయ్యి ఇలా ఇవ్వండి" అని మణికట్టు పట్టుకుంది. ఆమె వేళ్లు వెచ్చగా ఉన్నాయి. ఒక నిమిషం పాటు ఇద్దరూ కదల్లేదు. ఆ ఒక్క నిమిషం చాలా పొడుగ్గా ఉంది. అది అయ్యాక ఆమె ఇంకో నిమిషం చూసింది.

"నలభై" అంది. "మీకు కళ్లు తిరుగుతున్నాయా?"

"మెట్ల దగ్గర. ఎప్పుడైనా."

"ఎప్పట్నుంచి?"

ఆయన ఆలోచించాడు. ఏడో కన్ను యాభై చెప్పినప్పట్నుంచి అని చెప్పవచ్చు. "వానలు వెలిసినప్పట్నుంచి" అన్నాడు.

ఇంజనీరమ్మ రిజిస్టరు వెనక అట్ట మీద పెన్సిలుతో లెక్క వేసి చూపించింది. నిమిషానికి డెబ్బై రెండుసార్లు కొట్టుకునే గుండె నలభై అయిదు సెకన్లలో యాభై నాలుగుసార్లు కొట్టుకుంటుంది. నలభై కొట్టుకునే గుండె ముప్ఫైసార్లే కొట్టుకుంటుంది. నీళ్లు మారలేదు. పన్నెండేళ్ల కిందట ఎలా కారాయో ఇవాళా అలాగే కారుతున్నాయి.

"గోడ బాగానే ఉంది పెద్దాయనా. నెమ్మదించింది మీ గుండె."

ఆయన అట్ట మీది అంకెలను చాలాసేపు చూశాడు. కూడికలూ తీసివేతలూ ఆయనకు కొత్తకాదు, తప్పేమీ కనబడలేదు. జ్వరానికి నాడి ఉరుకుతుందని మామ చెప్పాడు. నెమ్మదిస్తుందని చెప్పలేదు. మామకు కూడా తెలిసి ఉండదు.

"అయితే గోడకేం కాలేదా?"

"ఏం కాలేదు."

"కింద ఇంటికి?"

"ఏ ఇంటికి?"

"మా ఇల్లేనమ్మా."

ఇంజనీరమ్మకు అప్పుడు అర్థమైంది. "ఏమీ కాదు" అంది, గొంతు తగ్గించి.

ఇన్నాళ్లూ మోసిన బరువు దిగిపోయింది కనక సంతోషం వెయ్యాలి. వెయ్యలేదు. సిగ్గు మాత్రం వేసింది. తన ఒంట్లో జరిగినదాన్ని గోడకు అంటగట్టి, ఇంత ఊరినీ రెండు నెలలు బిందెల దగ్గర కొట్టుకునేలా చేశాడు. "ఇవాళే నీళ్లు వదిలెయ్యమని చెప్పండమ్మా. మా మరదలికి కూడా చెప్పాలి, నేను తాగలేదని" అన్నాడు. ఆ పిల్లకు ఈ రెండో మాట అర్థం కాలేదు.

ఆమె కంగారుపడుతోందని ఆయన గమనించాడు. సొరంగంలో ఫోన్ పలకదు. రిజిస్టరు, టార్చి ఆమే తీసుకుని, ఇంకో చేత్తో ఆయన మోచెయ్యి పట్టుకుంది. ఇనప తలుపు మూసుకుంది. మెట్ల మీద అయిదుసార్లు ఆగారు. ప్రతిసారీ ఆమె, "తొందరేం లేదు" అంటూ పైకి, జీపు రావాల్సిన దారి వైపు చూసింది.

గేటు దగ్గర ఫోన్ పలికింది. ఆమె ముందు ఆస్పత్రికి చేసింది. అంబులెన్సు ఘాట్ ఎక్కి రావడానికి గంటంబావు పడుతుందన్నారు. డ్రైవరుకు చేస్తే ట్యూబు అతికిస్తున్నారు, అరగంటలో వస్తానన్నాడు. ఆ తరవాత ఆఫీసుకు చేసి గోడ సంగతి చెప్పింది. అవతల ఎవరో పెద్దగా ఊపిరి పీల్చుకోవడం ఇవతలికి వినిపించింది. గేటు తెరవమన్నారు.

లెక్కలాయన తాళం తీసి, 'ప్రవేశం లేదు' అట్టను విప్పి, స్టూలు మీద కూర్చున్నాడు. పిల్లల్లా తోసుకుంటూ లోపలికి వచ్చారు పెద్దమనుషులు. గోడ గురించి చెప్పమన్నారు. నిలబడవద్దని ఇంజనీరమ్మ సైగ చేసింది. ఆయన కూర్చునే మొదలుపెట్టాడు. పొడవు ఎన్ని గజాలో, ఎన్నేళ్లు కట్టారో, రాళ్లను ఏ కొండ నుంచి ఎద్దులతో లాగించారో, నోటికి వచ్చిన పాఠమే. రెండు నెలలుగా చెప్పకపోవడంతో మధ్యలో ఒక వాక్యం మరిచిపోయి, దాన్ని వదిలేసి, తరవాతిదానికి వెళ్లాడు. ఎవరికీ తెలియలేదు.

"ఇంకా ఎన్నాళ్లు నిలుస్తుందండీ ఈ గోడ?" అడిగాడు లావుపాటి పెద్దమనిషి. ఎప్పుడూ ఎవరో ఒకరు అడుగుతారు.

"చెప్పేవాడికన్నా ఎక్కువే నిలుస్తుందండీ" అన్నాడు లెక్కలాయన. ఎప్పుడూ చెప్పే జవాబే. ఎప్పటిలాగే అందరూ నవ్వారు. నవ్వుతూ గోడ మీదికి వెళ్లిపోయారు.

ఇంజనీరమ్మ అప్పటికే ఇంట్లోకి వెళ్లి భార్యకు చెప్పింది. చెప్పడం పూర్తికాకముందే భార్య సంచీ తీసి బట్టలు సర్దడం మొదలుపెట్టింది. ఒక లుంగీ, రెండు చొక్కాలు, తువ్వాలు. "నేనే గుడ్డిదాన్ని. టీ చల్లారిపోతుంటే ఈయన్ని తిట్టుకున్నాను గానీ..." అని ఆగింది. మళ్లీ అదే చొక్కాను విప్పి, మళ్లీ మడిచింది.

ఆయన నెమ్మదిగా వచ్చి పెరట్లో కుర్చీలో కూర్చున్నాడు. అక్కణ్ణుంచి గోడ మొత్తం కనిపిస్తుంది. మీద పదిహేను మందీ వరసగా నడుస్తున్నారు. ఒకళ్లనొకళ్లు ఫొటోలు తీసుకుంటున్నారు. ఇంజనీరమ్మ జీపు కోసం గేటు దగ్గరికి వెళ్లి నిలబడింది.

భార్య బయటికి వచ్చింది. ఆమె చూపు మొదట పిట్టగోడ మీదికి వెళ్లింది.

"డబ్బా ఏది?"

ఆయన కూడా అటు చూశాడు. డబ్బా ఉండాల్సిన చోట గుండ్రటి తుప్పు మరక ఉంది. "కింద మరిచిపోయాను" అన్నాడు. ముప్ఫై ఒక్కేళ్లలో ఇదే మొదటిసారి. లేవబోయాడు.

"కూర్చోండి. ఎవరూ ఎత్తుకుపోరు."

కూర్చున్నాడు. "మీ చెల్లెలింటికి వెళ్లక్కర్లేదులే. గోడ బాగానే ఉందట" అన్నాడు.

"నాకు తెలుసు."

"ఇప్పుడు చెప్పిందిగా ఆ అమ్మాయి."

"అది కాదు. నన్నెందుకు వెళ్లమంటున్నారో మొదటిసారే తెలుసు. మా నాన్న చేసిన పనేగా. అంకె తగ్గితే ఏమవుతుందో నాకు తెలియదా?"

ఆయన తలెత్తి ఆమెను చూశాడు. "తెలిసే ఉండిపోయావా?"

"టీ ఎవరు పెడతారు మరి?" అంది ఆమె. మెడలో టేపును తీసి, మడిచి, మళ్లీ మెడలోనే వేసుకుంది. "జీపు వచ్చేలోపు ఒక గుక్క తాగి వెళ్దురుగాని" అంటూ లోపలికి వెళ్లింది.

లోపల స్టవ్ వెలిగిన చప్పుడు, గిన్నె పెట్టిన చప్పుడు వినిపించాయి. ఎండ మోకాళ్ల దాకా వచ్చింది. గోడ మీద ఎవరో ఎవర్నో పేరు పెట్టి పిలిచారు. ఆయన ఎడమచెయ్యి అలవాటుగా లేచి, రెండు వేళ్లు దవడ కిందికి చేరాయి. నాడి దొరకడానికి కాస్త వెతుక్కోవాల్సి వచ్చింది. దొరికింది. ఒకటి. చాలాసేపటికి, రెండు.

టీ పొంగింది. దించి, వడకట్టి, కప్పు పట్టుకుని ఆమె బయటికి వచ్చింది. ఇన్ని నెలల్లో మొదటిసారి టీ మొదటి పొంగుకే మనిషి ఎదురుగా ఉన్నాడు. ఆయన తల కొద్దిగా పక్కకు వంచి, మెడ మీద వేళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. లెక్కపెడుతున్నాడనుకుని, మధ్యలో మాట్లాడితే లెక్క తప్పుతుందని ఆమె కప్పు పట్టుకుని అలాగే నిలబడింది. తండ్రి దగ్గర్నుంచీ ఆమెకు అలవాటే అది.

కప్పు మీద ఆవిరి తగ్గింది.

"ఎంతొచ్చింది?" అని అడిగింది.

వేళ్లు మెడ మీంచి భుజం మీదికి, భుజం మీంచి ఒడిలోకి జారాయి. ఆమె కప్పును పిట్టగోడ మీద, తుప్పు మరక పక్కన పెట్టింది. చొక్కా కాలరు సరిచేసింది. పైగుండీ ఊడి ఉంటే పెట్టింది. ఆ తరవాత గేటు వైపు తిరిగి, "అమ్మాయ్" అని పిలిచింది. గట్టిగా కూడా పిలవలేదు.

ఇంజనీరమ్మ పరుగున వచ్చింది. కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చుని మణికట్టు పట్టుకుంది, మెడ పట్టుకుంది. కిందికి దించి పడుకోబెట్టి రెండు చేతులతో గుండె మీద నొక్కింది. చెమటలు కారేదాకా నొక్కింది. మెడలోని స్టాప్‌వాచ్ అటూ ఇటూ ఊగి ఆమె మోచేతికి తగులుతూ ఉంది. దాన్ని ఆమె చూడలేదు. జీపు వచ్చి, హారన్ రెండుసార్లు మోగింది. గోడ మీదివాళ్లు తమనే పిలుస్తున్నారనుకుని చేతులు ఊపారు.

భార్య సర్దిన సంచీ గడప దగ్గర ఉంది. ఆమె దాని పక్కన కూర్చుంది. ఏడుపు రాలేదు. టీ చల్లారిపోయిందని మాత్రం అనిపించింది. మళ్లీ వేడి చెయ్యడానికి లేవబోయి, కూర్చుండిపోయింది.

సాయంత్రానికి నగరంలో కుళాయిలు వచ్చాయి. రిజిస్టరు ఆ రోజే ఇంజనీరమ్మ వెంట ఆఫీసుకు వెళ్లింది. కింద సొరంగంలో, ఏడో కన్ను కింద, తీగ పిడి పక్కకు వాలిన రంగు డబ్బా గీత దాటి, అంచు దాకా నిండి, ఒకే తీరున పొర్లుతూ ఉంది.